చిరునామా ఒకరిది, ఉత్తరం మరొకరిది: స్పామ్ చరిత్రలో మన ఇళ్ల కంప్యూటర్లు

పరిచయం

2012 ఏప్రిల్‌లో పత్రికల్లో ఒక వార్త వచ్చింది. ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ఎక్కువ చెత్త ఈమెయిళ్లు భారతదేశం నుంచే వెళుతున్నాయని, ఈ విషయంలో మనం అమెరికాను కూడా దాటిపోయామని దాని సారాంశం. బ్రిటన్‌కు చెందిన సోఫోస్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ ఆ సంవత్సరం మొదటి మూడు నెలల లెక్కలు విడుదల చేసింది. మొత్తం స్పామ్‌లో భారత్ వాటా 9.3 శాతం, అమెరికా వాటా 8.3 శాతం. ఆ వార్త చూసిన సహాధ్యాపకులొకరు, "పనికిమాలిన ఉత్తరాలు రాయడానికి మనవాళ్లకు ఇంత తీరిక ఎక్కడిదండీ?" అని నవ్వారు.

ఆయన నవ్వులాటకే అన్నా, చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న అదే. శాసనాల పాఠంలో మీరు ఒక సంగతి గమనించే ఉంటారు. రాగిరేకు ఒక ఊళ్లో దొరికినంత మాత్రాన ఆ దానం ఆ ఊళ్లోనే జరిగిందని చెప్పలేం. రేకులు చేతులు మారతాయి, ఊళ్లు దాటతాయి. దొరికిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు. స్పామ్ లెక్కల విషయంలోనూ ఈ తేడాను పట్టించుకోకపోతే తప్పు చరిత్ర రాస్తాం. ఇక్కడ తప్పు చరిత్ర వల్ల నష్టం పుస్తకానికి మాత్రమే కాదు. నేరం చేయనివాడి ఇంటి తలుపు పోలీసులు తట్టే ప్రమాదం కూడా ఉంది.

ముందుగా రెండు మాటలకు అర్థం చెప్పుకుందాం. అవతలివారు అడగకుండానే, ఒకే ఉత్తరాన్ని లక్షల మందికి గుమ్మరిస్తే దానిని స్పామ్ అంటాం. యజమానులకు తెలియకుండా వేల, లక్షల కంప్యూటర్లలో రహస్యంగా ఒక ప్రోగ్రాం చొప్పించి, వాటన్నిటినీ ఒకే చోటి నుంచి ఆడించే ఏర్పాటును బాట్‌నెట్ అంటాం. ఈ వ్యాసంలో మనం చూడబోయేది, మొదటిది రెండోదాన్ని ఎందుకు ఆశ్రయించింది, ఆ క్రమంలో సికింద్రాబాద్ వంటి నగరంలోని ఒక మామూలు ఇల్లు ఎలా చిక్కుకుంది అన్న సంగతి.

మా ఇంటి అనుభవం

మా ఇంటి సంగతే చెబుతాను. 2007 నాటికి సికింద్రాబాద్‌లోని మా ఇంట్లో ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ ఉండేది. నగరంలోని ఒక దుకాణంలో కొన్నాం. అమర్చడానికి వచ్చిన కుర్రవాడు విండోస్ ఎక్స్‌పి ఎక్కించి ఇచ్చాడు. బిల్లులో దాని ఊసు లేదు, నేనూ అడగలేదు. వెళ్లేముందు, "అప్‌డేట్లు ఆపేశాను సార్, ఆన్ చేస్తే ఇబ్బంది వస్తుంది" అని జాగ్రత్త కూడా చెప్పాడు. ఆ మాటకు అర్థమేమిటో నేను ఆలోచించలేదు.

ఆ ఏడాది చివరలో నా దగ్గర ఎం.ఏ. చదివిన ఒక విద్యార్థి విదేశీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. నేను సిఫారసు లేఖ ఈమెయిల్‌లో పంపాలి. గడువుకు ఒకరోజు ముందు పంపి నిశ్చింతగా పడుకున్నాను. తెల్లవారి చూస్తే ఉత్తరం తిరిగి వచ్చి ఉంది. నా చిరునామా నిషేధ జాబితాలో ఉన్నందున స్వీకరించలేమని ఇంగ్లీషులో నాలుగు వరుసలు. అవతలి వాళ్ల యంత్రంలో ఏదో లోపమనుకుని మరో మూడుసార్లు పంపాను. మూడుసార్లూ తిరిగి వచ్చింది. చివరికి ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి మరో ఖాతా తెరిచి పంపేసరికి గడువు దాటిపోయింది.

అదే నెల ఇంటర్నెట్ బిల్లు మామూలుకన్నా రెట్టింపు వచ్చింది. పక్కింట్లో ఇంజనీరింగ్ చదివే అబ్బాయిని పిలిచి చూపిస్తే, అతను కంప్యూటర్ తెర వైపు చూడనైనా చూడలేదు, మోడెమ్ దీపం వైపు చూశాడు. మేమెవరం వాడటం లేదు, అయినా ఆ దీపం ఆగకుండా మిణుకుమంటోంది. "మాస్టారూ, మీరు పడుకున్నాక కూడా ఇది ఉత్తరాలు పంపుతూనే ఉంది" అన్నాడు. ఆ విద్యార్థికి సీటు వచ్చింది గాని, మరుసటి సంవత్సరం వచ్చింది. ఆ మధ్య ఏడాదంతా అతను ఒక ట్యూషన్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఈ విషయం మీద నేను పుస్తకాలు చదవడం మొదలుపెట్టింది అప్పటినుంచే.

నమ్మకం మీద నడిచిన తపాలా

మొట్టమొదటి స్పామ్‌గా చరిత్రకారులు చెప్పే ఉత్తరం 1978 మే 3న వెళ్లింది. ఇంటర్నెట్‌కు మాతృక అయిన అర్పానెట్‌లో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని దాదాపు 400 మందికి ఒకేసారి ఆహ్వానం పంపాడు. కొందరు మండిపడ్డారు. అంతటితో అది ఆగింది. ఆ కాలంలో ఈ వల మీద ఉన్నవాళ్లు పరిశోధకులు, సైనిక సంస్థల వాళ్లు. అందరూ దాదాపు తెలిసినవాళ్లే.

ఆ నమ్మకమే ఈమెయిల్ నిబంధనల్లోకి ఎక్కింది. ఈమెయిల్ ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి ఎలా వెళ్లాలో చెప్పే ఎస్‌ఎంటీపీ నియమావళిని జొనాథన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ప్రచురించాడు. మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది కూడా సరిగ్గా ఆ నెలలోనే. రెండింటికీ సంబంధం లేకపోయినా, మీకు సంవత్సరం గుర్తుండటానికి పనికొస్తుందని చెబుతున్నాను. ఈ నియమావళిలో ఒక లోపం ఉంది. అప్పటివారికి అది లోపంగా తోచలేదు. పంపేవాడు నేను ఫలానా అని చెబితే, అవతలి యంత్రం నమ్ముతుంది. నిజంగా అతనేనా అని అడగదు. పోస్టుకార్డు మీద "నుండి" అన్నచోట ఎవరి పేరైనా రాయవచ్చు కదా, అలాంటిదే ఇదీ. పైగా ఆనాటి మెయిల్ సర్వర్లు ముక్కూమొహం తెలియనివారి ఉత్తరాన్ని కూడా అందుకుని, ముందుకు సాగనంపేవి. దారిన పోయే బాటసారికి సత్రం తెరిచి ఉంచినట్లు.

ఇంకొక తేడా కూడా చూడండి. పోస్టుకార్డుకు డబ్బు పెట్టేది పంపేవాడు. ఈమెయిల్‌లో పంపేవాడికి పదిమందికి పంపినా పదిలక్షల మందికి పంపినా ఖర్చులో పెద్ద తేడా ఉండదు. నిల్వ చేసుకోవడానికి, వడపోయడానికి, చెరిపివేయడానికి అయ్యే ఖర్చంతా అందుకునేవాళ్లది. ఈ వ్యాసంలో మీరు ఒక్క ప్రశ్ననే పట్టుకుని నడవండి: ప్రతి దశలోనూ ఖర్చు ఎవరి మీద పడింది?

1994 ఏప్రిల్ 12న అమెరికాలోని అరిజోనాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు యూజ్‌నెట్ అనే చర్చావేదికలోని వేలాది బృందాలలో ఒకే ప్రకటన గుప్పించారు. గ్రీన్ కార్డు లాటరీకి దరఖాస్తు నింపిపెడతామన్నది ఆ ప్రకటన. అమెరికా కలలు కనే మన ఇళ్లలో ఈ మాటకు ఉన్న బరువు మీకు తెలుసు. ఆ లాటరీలో మాత్రం భారతదేశంలో పుట్టినవారికి అర్హత లేదు. తిట్లు వేలల్లో వచ్చినా తమకు లాభమే వచ్చిందని వాళ్లు చెప్పుకున్నారు, ఆ పద్ధతి మీద పుస్తకం కూడా రాశారు. స్పామ్‌తో వ్యాపారం చేయవచ్చన్న ఆలోచన అప్పటి నుంచి పాకింది.

1990ల రెండో సగంలో స్పామర్లు ప్రధానంగా వాడుకున్నది ఇందాక చెప్పిన సత్రాలనే, అంటే ఎవరి ఉత్తరాన్నయినా సాగనంపే సర్వర్లనే. దీనికి విరుగుడుగా నిషేధ జాబితాలు పుట్టాయి. పాల్ విక్సీ అనే ఇంజనీరు 1997లో నడిపిన జాబితా వీటిలో తొలినాటిది. స్పామ్ పంపే సర్వర్ చిరునామా అందులో చేరితే, మిగతా సర్వర్లు దాని ఉత్తరాలు తీసుకోవు. నిర్వాహకులు భయపడి తమ సత్రాలకు ఒక్కొక్కటిగా తలుపులు బిగించారు. ఇది మంచి పనే. కానీ స్పామర్ పని మానలేదు, వేరే తలుపు వెతికాడు.

ఇళ్లలోకి వచ్చిన దారి

ఆ తలుపు ఇళ్లలో దొరికింది. 2003లో సోబిగ్ కుటుంబానికి చెందిన వర్మ్‌లు ప్రపంచమంతా పాకాయి. ఈమెయిల్‌కు జతచేసిన ఫైలును తెరిస్తే చాలు, కంప్యూటర్‌కు సోకేవి. అంతకు ముందరి వర్మ్‌లు చాలావరకు అల్లరి కోసమో, పేరు కోసమో రాసినవి. 1999లో వచ్చిన మెలిస్సా, 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరిన ఐలవ్‌యూ అటువంటివి. సోబిగ్‌తో ఒక కొత్త లక్షణం కనిపించింది. సోకిన కంప్యూటర్ ఇతరుల ఉత్తరాలను సాగనంపే మధ్యవర్తిగా మారిపోయేది. సత్రాలు మూసేశారు గనుక, ప్రతి ఇంటి వసారానూ సత్రం చేశారన్నమాట.

స్పామర్‌కు ఇందులో లాభమేమిటి? ఒకే సర్వర్ నుంచి కోటి ఉత్తరాలు వెళితే వెంటనే పట్టుబడుతుంది. లక్ష ఇళ్ల నుంచి ఇంటికి వందేసి వెళితే ఏ ఒక్కటీ అనుమానం కలిగించదు. ఇళ్ల చిరునామాలు కూడా స్థిరంగా ఉండవు, మోడెమ్ ఆపి వేస్తే మారిపోతుంటాయి. విద్యుత్తు, ఇంటర్నెట్ బిల్లు, నిషేధ జాబితాలో చేరే అవమానం, ఇవన్నీ ఇంటి యజమానివి. సొమ్మొకడిది, సోకొకడిది అని మన పెద్దలు అన్నది ఇటువంటి ఏర్పాటు గురించే.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. కంప్యూటర్‌లో దూరిన ప్రోగ్రాం ముందు ఆజ్ఞలిచ్చే సర్వర్‌ను పలకరించి, తాను సిద్ధంగా ఉన్నానని తెలుపుతుంది. అక్కడి నుంచి మూడు వస్తువులు దిగుమతి అవుతాయి: ఉత్తరం నమూనా, చిరునామాల జాబితా, ప్రతి ఉత్తరంలోనూ కొద్దికొద్దిగా పదాలు మార్చే సూచనలు. పదాలు మార్చడం ఎందుకంటే, ఒకే పాఠం లక్షసార్లు కనిపిస్తే వడపోత యంత్రాలు పసిగడతాయి. ఆ తర్వాత కంప్యూటర్ తానే అందుకునేవారి మెయిల్ సర్వర్‌ను నేరుగా కలుస్తుంది. ఏ చిరునామాకు చేరింది, ఏది చేరలేదు అన్న నివేదిక మళ్లీ ఆజ్ఞలిచ్చే సర్వర్‌కు పంపుతుంది. ఆ నివేదికలతో జాబితా శుభ్రమవుతుంది. శుభ్రమైన జాబితాకు మళ్లీ ధర.

ఇదంతా ఒకే మనిషి చేస్తాడనుకోకండి. వర్మ్ రాసేవాడు ఒకడు, బాట్‌నెట్ నడిపేవాడు ఇంకొకడు, దానిని అద్దెకు తీసుకునే స్పామర్ మరొకడు, ఉత్తరంలో చెప్పిన మందులో నకిలీ గడియారాలో అమ్మే వ్యాపారి వేరొకడు. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు స్టార్మ్ అనే బాట్‌నెట్‌లోకి చొరబడి లాభనష్టాలు లెక్కగట్టారు. 26 రోజుల్లో దాదాపు 35 కోట్ల ఉత్తరాలు వెళ్లాయి. వాటివల్ల వస్తువు కొనడానికి సిద్ధపడినవారు 28 మంది. కోటీ పాతిక లక్షల ఉత్తరాలకు ఒక్క కొనుగోలు! పంపే ఖర్చు తానే భరించవలసి వస్తే ఏ వ్యాపారీ ఈ పని చేయడు. ఖర్చు అనామకుల ఇళ్ల మీదికి నెట్టగలిగాడు గనుకనే గిట్టుబాటు అవుతోంది. మరికొన్నేళ్లకు అదే పరిశోధకుల్లో కొందరు స్పామ్ ప్రకటనల ద్వారా వస్తువులు కొని, డబ్బు దారిని వెంబడించారు. చెల్లింపుల్లో 95 శాతం వేళ్ల మీద లెక్కించగల కొన్ని బ్యాంకుల గుండానే వెళుతున్నాయని 2011లో తేల్చారు. తెప్పించుకున్న మందుల పొట్లాల్లో కొన్ని మన దేశం నుంచే బయలుదేరాయి.

సికింద్రాబాద్ ఎందుకు అనుకూలమైంది

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. 1998లో ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించింది. 1987లో సికింద్రాబాద్ పి అండ్ టి కాలనీలో చిన్న కార్యాలయంగా మొదలైన సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధమైన సత్యం ఇన్ఫోవే ఆ తొలి ప్రైవేటు సేవాసంస్థల్లో ఒకటి. అప్పటి కనెక్షన్ టెలిఫోన్ లైను మీద డయల్ చేసుకునేది. కీచుమని మోడెమ్ మోత, ఫోను బిల్లు భయం. అరగంట చూసుకుని కట్టేసేవాళ్లం. అరగంట మాత్రమే తెరిచి ఉండే ఇల్లు దొంగకు పెద్దగా పనికిరాదు.

2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం ఈ పరిస్థితిని మార్చింది. సెకనుకు కనీసం 256 కిలోబిట్ల వేగంతో, ఎల్లవేళలా తెగకుండా ఉండే కనెక్షన్‌ను ఆ విధానం బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. డేటావన్ సేవ మొదలుపెట్టింది, ఇతర సంస్థలూ రంగంలోకి దిగాయి. "ఎల్లవేళలా" అన్న మాటను గీత గీసి పెట్టుకోండి. విధానం రాసినవారికి అది వరం. బాట్‌నెట్ నడిపేవారికీ అది వరమే.

అదే కాలంలో పారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ జంటనగరాలకు కంప్యూటర్ల అంగడిగా స్థిరపడింది. తెలంగాణ జిల్లాల నుంచి కూడా వచ్చి, మదర్‌బోర్డు ఒక దుకాణంలో, ర్యామ్ మరో దుకాణంలో బేరమాడి కొనుక్కుని వెళ్లేవారు. మధ్యతరగతి ఇంట్లోకి కంప్యూటర్ రావడంలో ఈ అసెంబ్లింగ్ వ్యాపారం చేసిన మేలు చిన్నది కాదు. బ్రాండెడ్ యంత్రాల ధర చూసి వెనక్కి తగ్గినవాళ్లు ఇక్కడ సగం ధరకు కల నెరవేర్చుకున్నారు. ఆర్థిక చరిత్ర రాసేవారెవరైనా ఈ అంగడి మీద పరిశోధన చేస్తే బాగుండునని నాకు చాలాకాలంగా ఉంది.

కానీ దేశమంతటా ఒక జాడ్యం ఉండేది. కంప్యూటర్‌కు డబ్బు పెట్టేవారు, సాఫ్ట్‌వేర్‌కు పెట్టేవారు కాదు. 2011లో భారత్‌లోని కంప్యూటర్లలో ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో 63 శాతం అక్రమ ప్రతులేనని బిజినెస్ సాఫ్ట్‌వేర్ అలయన్స్ అంచనా వేసింది. అది సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం కాబట్టి వాళ్ల అంచనా కాస్త పెద్దదిగానే ఉండవచ్చు. ఆధారం ఎవరి చేతి నుంచి వచ్చిందో చూడాలన్న సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. అంకె కొంత తగ్గించుకున్నా విషయం మారదు. అక్రమ ప్రతి ఉన్నవాడు అప్‌డేట్లు ఆపుకుంటాడు. అప్‌డేట్లు లేనివాడి కిటికీకి గొళ్లెం ఉండదు.

కాన్‌ఫికర్ అనే వర్మ్ కథ దీనికి మంచి ఉదాహరణ. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2008 అక్టోబరు 23నే మరమ్మతు విడుదల చేసింది. వర్మ్ కనిపించింది నవంబరులో. అంటే మరమ్మతు ముందు, రోగం తర్వాత. అయినా ప్రపంచమంతటా లక్షలాది యంత్రాలు దాని బారిన పడ్డాయి. కొద్ది వారాల్లో అది పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకడం కూడా నేర్చుకుంది. హాల్ టికెట్టు ప్రింటుకు, ఎంసెట్ ఫలితాలకు, ప్రాజెక్టు రిపోర్టుకు మనం ఏ నెట్ సెంటర్‌లోకి పెన్‌డ్రైవ్ పట్టుకుపోయామో గుర్తు తెచ్చుకోండి. ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు మనమే చేతులారా మోసుకుపోయాం. 2009 ఏప్రిల్‌లో కాన్‌ఫికర్ కొత్త రూపం, తాను ఆక్రమించిన కంప్యూటర్లలోకి వాలెడాక్ అనే స్పామ్ పంపే ప్రోగ్రాంను దించింది.

ఇప్పుడు 2012 నాటి ఆ 9.3 శాతాన్ని మళ్లీ చదవండి. అది రాసినవారి లెక్క కాదు, సాగనంపిన యంత్రాల లెక్క. కొత్తగా, వేగంగా, రక్షణ లేకుండా ఇంటర్నెట్‌లోకి వచ్చిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఆ అంకె చెబుతుంది. ఆ ఇళ్ల వాళ్లు మోసగాళ్లని చెప్పదు. నా సహాధ్యాపకులు అన్న తీరిక మనవాళ్లకు లేదు. మన కంప్యూటర్లకు ఉంది.

చిరునామా సాక్ష్యం ఎంత బలమైనది?

చిరునామాను బట్టి మనిషిని నిర్ణయిస్తే ఏమవుతుందో మన దేశంలో ఒకసారి స్పష్టంగా కనిపించింది. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్దిసేపటి ముందు వార్తా సంస్థలకు ఒక బెదిరింపు ఈమెయిల్ అందింది. చిరునామా వెంట వెళితే నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికా పౌరుడి ఇల్లు తేలింది. ఆయన తన వైఫైకి రక్షణ పెట్టుకోలేదు, దానిని మరెవరో వాడుకున్నారు. ఆయన మాత్రం ప్రశ్నలు, పరీక్షలు ఎదుర్కొన్నాక గాని బయటపడలేదు. ఇది బాట్‌నెట్ ఉదంతం కాదు, అయినా సూత్రం ఒకటే. ఇంటర్నెట్ చిరునామా ఒక యంత్రం వరకు తీసుకుపోతుంది. యంత్రం వెనుక మనిషి వరకు తీసుకుపోవడానికి వేరే సాక్ష్యం కావాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చూద్దాం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షను, అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశించడాన్ని, వైరస్ చొప్పించడాన్ని తప్పుగా పరిగణిస్తుంది. అంటే బాట్ సోకిన ఇంటి యజమాని ఈ చట్టం దృష్టిలో బాధితుడు. 2008 సవరణతో వచ్చిన 66ఎ సెక్షనులో, ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందన్న విషయంలో మోసగించే ఈమెయిళ్లను శిక్షించే ఒక ఉపవాక్యం ఉండేది. అదే సెక్షనులోని ఇతర భాగాలను భావప్రకటన మీదికి విచ్చలవిడిగా ప్రయోగించడంతో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు మొత్తం సెక్షనును కొట్టివేసింది. తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. అమెరికాలో 2003లో చేసినట్లుగా ఈమెయిల్ స్పామ్‌కు ప్రత్యేక చట్టం మాత్రం మనం చేసుకోలేదు. ఫోన్ కాల్స్, ఎస్సెమ్మెస్‌ల బెడద మీద ట్రాయ్ నిబంధనలున్నాయి.

ఎదురుదాడులు

బాట్‌నెట్‌ను కూల్చాలంటే లక్షల ఇళ్లకు వెళ్లి శుభ్రం చేయడం అసాధ్యం. అందువల్ల ఆజ్ఞలిచ్చే సర్వర్లనే లక్ష్యంగా చేసుకున్నారు. 2008 నవంబరు 11న కాలిఫోర్నియాలోని మెక్‌కోలో అనే సంస్థకు ఇంటర్నెట్ సరఫరా చేసే రెండు కంపెనీలు దాని లైన్లు కత్తిరించాయి. అనేక బాట్‌నెట్‌ల ఆజ్ఞా సర్వర్లు అక్కడే ఉండేవి. వాటిని గురించి వాషింగ్టన్ పోస్ట్ విలేఖరి బ్రయాన్ క్రెబ్స్ ఆరా తీయడంతో ఈ పని జరిగింది. ప్రపంచ స్పామ్ ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. కోర్టు లేదు, పోలీసు లేదు, రెండు తీగలు తెగాయి.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. మెక్‌కోలో మూతపడినప్పుడు తల తెగిన బాట్‌నెట్‌లలో స్రిజ్బి ఒకటి. యజమానితో సంబంధం తెగితే ఏ వెబ్ చిరునామాల్లో వెతుక్కోవాలో బాట్‌లు తమంతట తామే లెక్కగట్టుకునే ఏర్పాటు అందులో ముందే ఉంది. ఫైర్‌ఐ అనే భద్రతా సంస్థ ఆ లెక్కను ఛేదించి, రాబోయే చిరునామాలను తానే ముందుగా కొంటూ పోయింది. కొన్నాళ్లకు ఆ ఖర్చు మోయలేక మానేసింది. వెంటనే నిర్వాహకులు తర్వాతి చిరునామాలు కొని, ఎస్టోనియాలోని సర్వర్ నుంచి తమ బాట్‌లను మళ్లీ పిలుచుకున్నారు. ఇక్కడా ఖర్చే నిర్ణయించింది. 2011 మార్చిలో రస్టాక్‌ను, 2012 జూలైలో గ్రమ్‌ను ఇలాగే కూల్చారు. వాటి చోటు ఇతరులు ఆక్రమించారు.

మనకు బాగా దగ్గరి కథ నెకర్స్‌ది. 2012లో మొదట కనిపించిన ఈ బాట్‌నెట్ కాలక్రమంలో 90 లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకింది. సోకిన యంత్రాలు అత్యధికంగా ఉన్న దేశాల్లో భారత్ ముందు వరుసలో ఉంది. పరిశోధకులు సోకిన ఒకే ఒక్క కంప్యూటర్‌ను 58 రోజులు గమనించారు. ఆ కాలంలో అది 38 లక్షల ఉత్తరాలు పంపింది, వాటికి గురి అయిన చిరునామాలు 4 కోట్లకు పైగా. కాగితం తీసుకుని భాగించి చూడండి: రోజుకు 65 వేలకు పైగా, నిమిషానికి సుమారు 45 ఉత్తరాలు. మా ఇంటి మోడెమ్ దీపం రాత్రంతా ఎందుకు మిణుకుమందో ఈ లెక్క చూశాక నాకు పూర్తిగా బోధపడింది.

స్రిజ్బిలాగే నెకర్స్ కూడా చిరునామాలు లెక్కగట్టుకునేది. ఈసారి ఆ ఖర్చు ఒక్క సంస్థ నెత్తిన పెట్టుకోలేదు. మైక్రోసాఫ్ట్, దాని భాగస్వాములు కలిసి రాబోయే 25 నెలల్లో నెకర్స్ వాడగల 60 లక్షలకు పైగా వెబ్ చిరునామాలను ముందే ఊహించి, వాటిని నమోదు కాకుండా ఆపించే ఏర్పాటు చేశారు. 2020 మార్చి 10న ఈ చర్యను ప్రకటించారు. న్యూయార్క్‌లోని కోర్టు ఉత్తర్వు ఒక వైపు, భారత్ సహా అనేక దేశాల్లోని ప్రభుత్వ కంప్యూటర్ అత్యవసర స్పందన బృందాలు, ఇంటర్నెట్ సంస్థల సహకారం మరొక వైపు.

ఆ సహకారంలో మన ఇంటి దాకా వచ్చేది సైబర్ స్వచ్ఛతా కేంద్రం. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ దానిని 2017 ఫిబ్రవరి 21న ప్రారంభించింది. బాట్ సోకిన చిరునామాల సమాచారం ఇక్కడికి చేరుతుంది, ఇంటర్నెట్ సంస్థల ద్వారా వినియోగదారులకు హెచ్చరిక వెళుతుంది, శుభ్రం చేసే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. అక్కడ దొరికే ఎం-కవచ్ అనే మొబైల్ రక్షణ సాధనాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని సీడాక్. ఈ ఏర్పాటులో నాకు నచ్చినది, హెచ్చరిక అందుకునేవాడిని నిందితుడిగా చూడకపోవడం. 2007లో నాకు అటువంటి ఉత్తరం ఒకటి వచ్చి ఉంటే ఆ కుర్రవాడికి ఏడాది కలిసివచ్చేది.

2021 జనవరిలో యూరప్ పోలీసులు కూల్చిన ఇమోటెట్ ఇంకో అడుగు ముందుకు వేసింది. సోకిన కంప్యూటర్‌లోని పాత ఉత్తరాలను దొంగిలించి, వాటికి జవాబుగా విషపు ఫైలు పంపేది. అందుకునేవారికి అది తమ స్నేహితుడో, గుమాస్తానో పాత సంభాషణ కొనసాగించినట్లే కనిపిస్తుంది. ఆ ఏడాది నవంబరులోనే అది తిరిగి లేచింది.

అభ్యాసం

మీ ఈమెయిల్‌లో స్పామ్ అరలోకి వెళ్లి ఒక ఉత్తరాన్ని ఎంచుకోండి. అందులోని లింకులను, జతచేసిన ఫైళ్లను తెరవవద్దు. "షో ఒరిజినల్" అన్నచోట నొక్కితే ఉత్తరం ప్రయాణించిన దారి వరుసలుగా కనిపిస్తుంది. ప్రతి సర్వర్ తన ముద్రను అన్నిటికన్నా పైన వేస్తుంది గనుక, దారిని కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికన్నా పై ముద్రలు మీ సొంత మెయిల్ సంస్థ వేసినవి, వాటిని నమ్మవచ్చు. కిందివి పంపినవాడు కల్పించినవి కావచ్చు. మీ సంస్థకు ఆ ఉత్తరాన్ని చేతికిచ్చిన యంత్రం చిరునామా ఏది, అది ఏ దేశానిది, పంపినట్లు చెప్పుకున్న పేరుకూ దానికీ పొంతన ఉందా అన్నది గమనించండి. ఈ ఒక్క ఆధారంతో ఏయే విషయాలు నిర్ధారించగలరో, ఏవి నిర్ధారించలేరో రాయండి. ఒక పేజీ మించనక్కరలేదు. మీ సొంత ఈమెయిల్ చిరునామాను జవాబు పత్రంలో రాయవద్దు.